కొల్లేటికోట కిస్సాలో దుష్మన్ ఎవరు?



మొన్న మా అమ్మాయి బడి నుంచి వస్తూనే అడిగింది: "అబ్బా, కొల్లేటికోట మీదికి ఫౌజు తీసుకొచ్చింది మనవాళ్లేనా?" తోటిపిల్లలెవరో కిస్సా చెప్పారట. అవుననో కాదనో అనేకంటే కిస్సా మొత్తం చెప్పడమే మేలనిపించింది.

మన ఏలూరు, కైకలూరు వైపు పెద్దలకు తెలిసిందే. కొల్లేటి లంకలో ఒరిస్సా రాజు లాంగూల గజపతికి ఖిలా ఉండేదట. తురకల ఫౌజు ఒడ్డున చిగురుకోటలో డేరాలు వేసిందట. చుట్టూ నీళ్లు, కోట చేతికి చిక్కదు. అందుకని సరస్సు నీళ్లు సముద్రంలోకి పోయేలా, ఇప్పుడు ఉప్పుటేరు ఉన్నచోట కాలువ తవ్వసాగారట. అప్పుడు కోటవైపు సేనాపతి ఫతే కోసం తన సొంత కూతురినే బలిచ్చాడట. ఆ కాలువకు పేరంటాల కనుమ అని పేరొచ్చిందట.

ఇది కిస్సా, తారీఖు కాదు. లాంగూల బిరుదు కోణార్క్ గుడి కట్టించిన నరసింహదేవుడిదంటారు. ఆయనది 13వ శతాబ్దం. ఢిల్లీ సుల్తాను ఫౌజు ఓరుగల్లు మీదికి మొదట వచ్చింది 1303లో. గజపతులు తఖ్తెక్కింది 15వ శతాబ్దంలో. మూడు జమానాలు జనం నోట ఒకటైపోయాయి.

అలాగని బహమనీ సుల్తానులకూ గజపతులకూ ఈ తీరంలో జంగులు జరగలేదని కాదు. జరిగాయి. ఇద్దరూ కొట్లాడింది మట్టి కోసం, మాలు కోసం. ఆ సుల్తానుల వకాలత్ మనం పుచ్చుకోనక్కర్లేదు. వాళ్ల పేరు చెప్పి మన పిల్లలు బడిలో తల దించుకోనూ అక్కర్లేదు.

నా దిల్‌ని కలచేది వేరే సంగతి. కిస్సాలో రాజు పేరుంది, డేరాలు వేసిన ఊరి పేరుంది. ఆ ఆడపిల్ల పేరు మాత్రం లేదు. పేరంటాలు అన్నది చనిపోయాక ఇచ్చిన మాటే. ఆమె ప్రాణం తీసింది దుష్మన్ కాదు, కన్న తండ్రి. సజీవంగా పాతిపెట్టిన ఆడపిల్ల తరఫున సూరా తక్వీర్‌లో లెక్క అడిగే మన దీన్‌కు, ఈ కిస్సాలో మజ్లూం ఎవరో వేరే చెప్పాలా?

కొల్లేరు సంగతీ అంతే. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు. అయినా చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేస్తే, 2006లో సర్కారే వాటిని కొట్టించాల్సి వచ్చింది. ఆ గట్లు వేసింది ఏ పరాయి ఫౌజూ కాదు. జుల్మ్‌కు కౌమ్ ఉండదు. చాలాసార్లు అది ఇంట్లోంచే వస్తుంది.

కిస్సా అయ్యాక మా అమ్మాయి ఇంకో సవాల్ వేసింది: "మరి ఆ అమ్మాయి పేరేంటబ్బా?"

నా దగ్గర జవాబు లేదు. మీ పిల్లలకు ఈ కిస్సా చెబితే, వాళ్లను ఆ సవాల్ దాకా తీసుకెళ్లండి.