దోమకు ఒక అణా

వైద్యులు వ్రాసుకొన్న జ్ఞాపకాలలో రోగుల పేర్లు కానరావడం అరుదు. సర్ రొనాల్డ్ రాస్ 1923లో ప్రచురించిన స్వీయచరిత్రలో ఒక సామాన్య రోగి పేరు నిలిచిపోయింది. ఆయన హుసేన్ ఖాన్.

రాస్ 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి సైనిక వైద్యులయ్యారు. 1883లో బెంగుళూరులో ఉండగా, ఆయన బంగళాలో దోమల బాధ మిక్కుటమైంది. కారణం వెదికితే, కిటికీ వెలుపల ఉన్న నీటితొట్టిలో దోమల పిల్లపురుగులు కనిపించాయి. తొట్టిని బోర్లించగానే దోమలు తగ్గాయి. సైనిక నివాసాలలోనూ ఇలాగే చేద్దామని ఆయన ఒక అధికారికి సూచిస్తే, అది ప్రకృతి క్రమానికి విరుద్ధమని ఆ అధికారి నిరాకరించాడు. దోమకూ మలేరియాకూ గల సంబంధం అప్పటికింకా రుజువు కాలేదు.

1895లో రాస్ సికింద్రాబాదు వచ్చారు. బేగంపేటలో ఆయన పరిశోధన సాగింది. ఉక్కపోస్తున్నా పంకా వేయడానికి వీలులేదు. గాలికి దోమలు ఎగిరిపోతాయి. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. మలేరియాతో బాధపడుతున్న హుసేన్ ఖాన్, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున తీసుకొని, తన శరీరాన్ని దోమలకు అప్పగించాడు. ఆ దోమలలో ఒకదానిని 1897 ఆగస్టు 20న కోసి చూడగా, దాని కడుపు గోడలో మలేరియా క్రిమి కణాలు కనిపించాయి. మరుసటి ఏడు కలకత్తాలో రాస్ పక్షుల మలేరియాపై పరిశోధన కొనసాగించి, దోమకాటు ద్వారానే వ్యాధి సోకుతుందని నిరూపించారు. అక్కడ మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు ఆయనకు తోడుగా నిలిచాడు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది.

కీర్తి వైద్యునికి దక్కింది. హుసేన్ ఖాన్‌కు దక్కినవి కొన్ని అణాలు. అయినా ఆయన జ్వరపు నెత్తురు లేనిదే ఆ సత్యం ఆనాడు బయటపడేది కాదు. విజ్ఞాన చరిత్రలో ఇటువంటి వారి వాటాను మన పిల్లలకు తెలియజెప్పాలి.

కాలువలు, వరిచేల నడుమనున్న మన మండపేట వంటి ఊళ్లలో దోమలకు కొదవలేదు. చేలలోని నీటిని మనం తీసివేయలేము. ఇంటి నీరు మాత్రం మన చేతిలోనే ఉంది. గుడ్డు నుండి దోమ ఎదగడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. కనుక వారానికొకసారి ఉజూ తొట్టి, కూలరు, పూలకుండీల పళ్లెాలు ఖాళీచేసి, తోమి ఆరబెడితే చాలు. జుమా రోజును అందుకు గుర్తుగా పెట్టుకొంటే మరపు రాదు. డెంగ్యూను వ్యాపింపజేసే దోమ పెరిగేది ముఖ్యంగా ఇటువంటి పాత్రలలోనే. చలితో జ్వరం వస్తే సొంత మందులతో కాలయాపన చేయక, వెంటనే రక్తపరీక్ష చేయించాలి.

నాటి అధికారి కాదన్న ఆ చిన్న పనికి నేడు ఎవరి అనుమతీ అక్కరలేదు.