సొంతిల్లూ, సొంత సిద్ధాంతమూ

ఈ మధ్య మన అధ్యాపక మిత్రుల్లో ఒక వాదం బయలుదేరింది. సొంతిల్లు లేనివాడికి స్వేచ్ఛ లేదట. కనుక ఇల్లు కొనడం కూడా ఒక విధంగా అభ్యుదయమేనట! మొన్న ఖానాపురం హవేలిలో ఒక గృహప్రవేశ పంక్తిలో కూర్చుని ఈ మాట విన్నాను. గృహస్థుడి ఉద్యోగం భద్రాచలంలో, ఆయన భార్య ఉద్యోగం వరంగల్లులో. నడుమ ఖమ్మం. ఆమె రోజూ రైలెక్కుతుంది; ఆయన వారానికి రెండుసార్లు బస్సులో వచ్చిపోతాడు. పిల్లవాడి చదువు ఒకచోట సాగాలంటే మధ్యలో ఇల్లు తీసుకోక ఏం చేస్తారు? ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. నేనూ ఆ పక్క వీధిలోనే ఒక ఇంటికి బయానా ఇచ్చినవాణ్ణి. నా తగాదా ఇంటితో కాదు, ఇంటి వెంట వచ్చిన సిద్ధాంతంతో.

1872లో ఎంగెల్స్ గృహసమస్య మీద వ్యాసాలు రాశాడు. ఇల్లు సొంతమైతే శ్రామికుడు పెట్టుబడిదారు అవుతాడని ఎమిల్ సాక్స్ అనే పండితుడు అంటే, తాను కాపురముండే ఇల్లు పెట్టుబడి కాదు పొమ్మన్నాడు. ఈ లెక్కన మా మిత్రుడు నిర్దోషి. కానీ ఆయన ఇంటితో ఆగలేదు. వైరా రోడ్డు మీద 2023లో కొత్త కలెక్టరేటు తెరిచారు గదా, ఆ వైపు ఒక వెంచరులో రెండువందల గజాలు కూడా కొన్నాడు. అక్కడ ఇల్లు కట్టడు. ధర పెరిగేదాకా ముళ్లకంప మొలిపిస్తాడు. ఆ పెరుగుదలలో ఆయన చెమట చుక్క ఒక్కటీ లేదు. రోడ్డు ప్రజల డబ్బు, కలెక్టరేటు ప్రజల డబ్బు, లాభం మాత్రం ఆయనది. దీన్నేమనాలో రికార్డో, మార్క్సు ఎప్పుడో చెప్పారు. మనం తరగతిలో చెబుతూనే ఉన్నాం కూడా.

(వెంచరు బ్రోచరులో కలెక్టరేటు కూతవేటు దూరం. కొత్తగూడెంలో ఉన్న స్టేషనుకు రైలువాళ్లు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టారు; అక్కడినుంచి రాముడి గుడి నలభై కిలోమీటర్లు. బ్రోకర్లనే తిట్టి ఏం లాభం?)

అసలు విషయం పాయసం వడ్డించేటప్పుడు బయటపడింది. "ఇరవై ఏళ్లుగా భద్రాచలంలో ఉంటున్నా, అక్కడ గజం స్థలం నా పేర రిజిస్టరు కాదు. ఆ 1/70 ఉన్నంతకాలం మా బతుకింతే. తీసెయ్యాలండీ!" అన్నాడు. పంక్తిలో సగం మంది తలలూపారు. వాళ్లలో ముగ్గురు మన సంఘ సభ్యులు.

1970 నాటి మొదటి నిబంధన ఏం చెబుతుంది? ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతికి పోరాదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే, కొనేవాడు గిరిజనుడే కావాలి. 1988లో సుప్రీంకోర్టు కూడా ఇది చెల్లుతుందంది. అప్పుకింద, సారాకింద, వేలిముద్రకింద కోయవాడి పొలం షావుకారు ఖాతాలో పడుతూ వచ్చిన అనుభవం మీద ఆ గోడ కట్టారు. గోడకు కన్నాలు లేవా అంటే ఉన్నాయి: బినామీలున్నారు, తెల్లకాగితం మీద అమ్మకాలున్నాయి. కన్నాలు పూడ్చమనవలసిన నోళ్లు గోడనే పడగొట్టమంటున్నాయి. ఎందుకు? భద్రాచలంలో స్థలం దొరక్క ఖమ్మంలో కొనాల్సి వచ్చినందుకు!

ఖమ్మానికి కూతవేటులో, బ్రోచరు కూతవేటు కాదు, నిజంగానే దగ్గర, ముదిగొండ ఉంది. 2007 జూలై 28న, భూమికోసం, ఇళ్లస్థలాలకోసం సాగిన పోరాటంలో బంద్ నాడు అక్కడ పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. వాళ్లడిగినదీ ఇల్లే. కానీ ఇంకొకరి పొలం చుట్టూ ఉన్న రక్షణ తీసేసి ఇమ్మని వాళ్లడగలేదు. ఆ ఏడుగురి వర్ధంతి సభలో మా మిత్రుడు ఉపన్యసించడం నేను విన్నాను; బాగా మాట్లాడతాడు.

ఆయన తరగతిలో కోయ పిల్లలున్నారు. "ఈ 1/70 మాట రేపు నల్లబల్ల ముందు నిలబడి వాళ్లతో అనగలవా?" అని అడిగాను. ఆయన పెరుగు తెమ్మని వడ్డించేవాళ్లను కేకేశాడు.