సంచుల దగ్గర ఎవరు కూర్చోవాలి?

చాలా ఏళ్ళ క్రితం మా కుటుంబమంతా ఒక జీపు మాట్లాడుకొని ప్రొద్దుటూరు నుండి గండికోటకు వెళ్ళాము. ఫజ్ర్ వేళకు ముందే లేచి ఇంట్లోని స్త్రీలు బిర్యానీ వండారు. దేగ్చీ, పళ్ళాలు, నీళ్ళ క్యాన్లు, చాపలు, దస్తర్‌ఖాన్... జీపులో మనుషులకంటే సామానే ఎక్కువ చోటు ఆక్రమించింది. కోటకు చేరిన తరువాత జామియా మసీదు సమీపాన నీడ చూసుకొని చాపలు పరచి, సామాను దించి, పురుషులమూ మగపిల్లలమూ లోయ అంచుకు నడిచి వెళ్ళాము. గంటన్నర తరువాత ఆకలితో తిరిగి వచ్చాము. భోజనాలయ్యాయి. గిన్నెలు సర్దడమూ అయింది. అస్ర్ వేళకు డ్రైవరు తొందరపెట్టాడు. ఇల్లు చేరాము.

ఆ రాత్రి పొరుగింటి ఆమె మా అమ్మీని, "గండికోటలో ఏమేం చూశారు ఆపా?" అని అడిగింది. "సంచులను చూశానమ్మా" అని అమ్మీ బదులిచ్చారు. అందరమూ నవ్వాము. అమ్మీ కూడా నవ్వారు.

ఆమె ఇప్పుడు లేరు. అల్లాహ్ ఆమెను కరుణించుగాక. ఆమె పుట్టిందీ, మెట్టిందీ పెన్నా ఒడ్డు ఊళ్ళలోనే. మసీదు నుండి లోయ అంచుకు నడక కిలోమీటరు కూడా ఉండదు. ఆ కాస్త దూరం ఆమెను మేము తీసుకొని వెళ్ళలేదు. ఎవరూ వద్దనలేదు, కానీ రమ్మని కూడా ఎవరూ అనలేదు. సామాను దగ్గర ఎవరో ఒకరు ఉండాలి గనుక ఆమె ఉండిపోయారు.

గత డిసెంబరులో మేము మళ్ళీ గండికోటకు వెళ్ళాము. ఈసారి బస్సులో, ఎనిమిది మందిమి. వారిలో ఐదుగురు స్త్రీలు, ఆడపిల్లలు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం కలిగింది గదా! గుర్తింపు కార్డు చూపితే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. ఎనిమిది మందిలో ముగ్గురికి మాత్రమే చార్జీ అయింది. కుటుంబం బయటికి వెళ్ళడమంటే వేలల్లో ఖర్చన్న మాట ఆ రోజుతో మా ఇంట్లో చెల్లకుండా పోయింది.

బయలుదేరే ముందు మా పెద్దల్లో ఒకరు అభ్యంతరం చెప్పారు. ఆడపిల్లలు రాళ్ళూ గుట్టలూ ఎక్కడమేమిటి, అది మన మర్యాదకు తగునా అన్నారు. వారి మాటను మేము తేలికగా తీసుకోలేదు. హిజాబు, కుటుంబంతో కలిసి ప్రయాణించడం, నమాజు వేళలు... ఇవన్నీ పాటించవలసినవే, పాటించాము కూడా. కానీ నడవడమే మర్యాదకు విరుద్ధమనడానికి ఆధారం మాకు కనబడలేదు. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారనీ, అప్పుడు ఆమె గెలిచారనీ, కొంతకాలం తరువాత మరో ప్రయాణంలో ఆయన గెలిచి, ఆనాటి దానికి ఇది చెల్లన్నారనీ హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. భూమిపై సంచరించి సృష్టి ఆరంభం ఎలా జరిగిందో చూడమని అన్‌కబూత్ సూరాలోని 20వ ఆయతు బోధిస్తోంది. ఆ బోధ పురుషులకే పరిమితమైనది కాదు. ఈ మాటలు విన్న మా పెద్దాయన కొంతసేపు మౌనంగా ఉండి, "సరే, అంచుకు మరీ దగ్గరగా పోనివ్వకండి" అన్నారు. ఆ సలహా విలువ తరువాత తెలిసింది.

జమ్మలమడుగులో బస్సు మారాము. అక్కడి నుండి గండికోట దాదాపు 15 కిలోమీటర్లు. బస్సులు రోజుకు కొన్ని మాత్రమే ఉంటాయి గనుక, దిగేటప్పుడే కండక్టరును తిరుగు బస్సు వేళ అడిగి మా అమ్మాయి తన నోటు పుస్తకంలో రాసుకొంది.

ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నా ప్రవహించే ఇరుకు దారినే తెలుగులో 'గండి' అంటారు. ఆ గండి మీద కట్టిన కోట గనుక గండికోట అయింది. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరు జిల్లాలో సముద్రాన్ని చేరే ఈ నది ఇక్కడ చూపినంత గాంభీర్యం మరెక్కడా చూపదేమో! అంచున నిలిచిన ఎర్రని బండలు వంద కోట్ల ఏళ్ళకు పైబడినవి. ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే ఆ పొరలు ఒకప్పుడు నీటి అడుగున పేరుకొన్న ఇసుక. దానికి ఎన్ని యుగాలు పట్టిందో, తిరిగి నీరే దానిని కోయడానికి ఎన్ని యుగాలు పట్టిందో తలచుకొంటే మనిషి ఆయుష్షు ఎంత స్వల్పమో తెలుస్తుంది.

కోటలో జామియా మసీదు, దానికి దగ్గరలోనే పెద్ద ధాన్యాగారం, మాధవరాయ, రంగనాథ ఆలయాలు ఉన్నాయి. పెమ్మసాని నాయకుల తరువాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను వశపరచుకొన్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే అతనిని కలవడానికి ఇంత దూరం వచ్చాడు. ఈ సంగతి చెప్పగానే మా చిన్నమ్మాయి, "ఆయన ఏ బస్సులో వచ్చాడు అబ్బా?" అని అడిగింది.

ఈసారి మేము బిర్యానీ వండించలేదు. చపాతీలు, ఉడికించిన గుడ్లు, ఖర్జూరాలు, అరటిపండ్లు, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తీసుకొని, ఎవరి సంచి వారే వీపుకు తగిలించుకొన్నాము. నియమం ఒక్కటే: కింద దించి కాపలా పెట్టవలసినంత సామాను తేకూడదు.

మోకాళ్ళ నొప్పితో బాధపడే మా ఖాలా కూడా కర్ర పట్టుకొని నెమ్మదిగా అంచుకు వచ్చారు. ఆమె నడకే మా అందరి నడక వేగంగా నిర్ణయించుకొన్నాము. అందరూ ముందుకు పోయి ఆమె కోసం విసుగ్గా నిరీక్షించడం కంటే ఇదే మేలనిపించింది. లోయ కనబడగానే ఆమె ఒక బండ మీద కూర్చొని, "ఇన్నేళ్ళూ ఇది ఇక్కడే ఉందా?" అన్నారు. మాకు అమ్మీ గుర్తొచ్చారు. సమాధానం చెప్పలేకపోయాము.

అంతలో మా పన్నెండేళ్ళ అబ్బాయి ఫోటో కోసం ఫోను చూసుకొంటూ వెనక్కి అడుగులు వేస్తున్నాడు. చాలా చోట్ల అంచున కంచె లేదు. మేము కెమెరా వైపే చూస్తున్నాము. వాడి వెనుక నేల ఎక్కడ ముగుస్తోందో చూసినది వాడి తల్లి. ఆమె కేక వేయలేదు. ఉలిక్కిపడితే జారతాడని నిదానంగా నడిచి వెళ్ళి చేయి పట్టి ముందుకు లాగింది. అల్‌హమ్దులిల్లాహ్, రెండడుగుల దూరం మిగిలింది. వెనుకటిలా ఆమెను సంచుల దగ్గర కూర్చోబెట్టి వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేసింది. తప్పు మాది. అంచు నుండి పది అడుగులు ఇవతల గీత గీసుకొని, దానిని దాటకూడదని ముందే పిల్లలకు చెప్పవలసింది.

వుజూకు నీళ్ళు పొదుపుగా వాడుకొని, చదునైన బండ మీద జుహ్ర్ నమాజు చేశాము. తిన్న తరువాత కాగితాలు, తొక్కలు తిరిగి సంచుల్లోనే వేసుకొన్నాము. అటుపై కోట గోడ వెంబడి నడుస్తూ కాలాన్ని మరిచాము. నోటు పుస్తకం చూసి మా అమ్మాయి హెచ్చరించకపోతే బస్సు తప్పిపోయేదే.

ఇటువంటి చోట్లు మన రెండు రాష్ట్రాల్లో ఇంకా ఉన్నాయి. కడపకు దగ్గరలో పుష్పగిరి వద్ద ఇదే పెన్నా మరో రూపంలో కనబడుతుంది. కొల్లాపూర్ దగ్గర సోమశిలలో కృష్ణమ్మ కొండల నడుమ విస్తరించి ఉంటుంది. బొర్రా గుహల వద్ద గోస్తని లోయ ఉంది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఎండ నడకకు అనుకూలం. జారని అడుగున్న బూట్లు ధరించండి. పైనుండి నిశ్చలంగా కనబడే నీళ్ళు లోతైనవి కావచ్చు గనుక పిల్లలను ఈతకు దిగనివ్వకండి. చివరి బస్సును నమ్ముకోకుండా దానికి ముందు బస్సుకే సిద్ధపడండి.

ఇంటికి చేరాక మా ఖాలాను కోడలు, "ఏమేం చూశారు?" అని అడిగింది. ఆమె చెప్పడం మొదలుపెట్టారు. ఇషా అజాన్ అయ్యేదాకా చెబుతూనే ఉన్నారు.

పాఠక సోదరులారా! మీ ఇంటి నుండి ఈసారి ఎక్కడికి బయలుదేరినా, గమ్యం చేరగానే సంచుల దగ్గర ఎవరు కూర్చొన్నారో ఒక్కసారి వెనుదిరిగి చూడండి. వారిని లేపి వెంట తీసుకొని వెళ్ళండి. మా అమ్మీ విషయంలో మేము చేయలేని పని అది.