కలుపని పెరికిన పువ్వు

తోటపనిలో పుట్టి పెరిగిన మన కుటుంబములకు కలుపు అను మాట క్రొత్తది కాదు. దొరగారి లెక్కలో చేరని మొక్క యెల్లను కలుపే. అయినను మన యవ్వలు ఆ కలుపులోనుండియే తుమ్మికూరను, పొన్నగంటికూరను, గునుగాకును ఏరి, కొంగున మూటగట్టి తెచ్చి, ప్రొద్దుగ్రుంకిన పిదప పొయ్యిమీద పెట్టిరి. తెలంగాణమున వినాయక చవితినాడు తుమ్మికూర వండుకొను ఇండ్లు నేటికిని గలవు. అస్సాము దేశస్థులును ఆ తుమ్మిని కూరగా నెరుగుదురు. గునుగుపువ్వు బతుకమ్మలో నిలుచును. దాని లేతయాకు కుండలో నుడుకును. ఒక మొక్కయే పండుగకును పస్తునకును అక్కరకు వచ్చినది.

అట్లు తోటవరుసల నడుమ ఏరుకొనుట నేడు క్షేమము గాదు. కొడవలి చేయు పనిని ఇప్పుడు మందు చేయుచున్నది. పారాక్వాట్ అను కలుపుమందు మన రబ్బరు తోటల వారికి బాగుగా తెలిసినదే. కడుపులోనికి బోయినచో దానికి విరుగుడు లేదు. మలేసియా ప్రభుత్వము 2002లో దానిని నిషేధింప బూని, 2006లో సడలించి, తుదకు 2020 జనవరి 1వ తేదీనుండి పూర్తిగా నిషేధించినది. ఒక మందు పోయిన చోట మరియొకటి వచ్చును. ఏ వరుసలో ఏ దినమున ఏది చల్లిరో కూర కోయు తల్లికి ఎవరు చెప్పుదురు? కావున తినదలచిన యాకును, పువ్వును మన వాకిటనే పెంచుకొనవలెనని నా మనవి.

ఈ చిక్కు లైను ఇండ్లవారికి మాత్రమే కలిగినదని తలంపకుడు. అమెరికా దేశమందు మిషిగన్ రాష్ట్రమున, డిట్రాయిటు నగరమునకు వాయవ్యముగా సుమారు 25 మైళ్ల దూరమున నోవై అను పట్టణము గలదు. మోటారుకార్ల పరిశ్రమయు కంప్యూటరు పనియు పిలువగా అచ్చటికి బోయిన తెలుగువారు అనేకులు. వేంకటేశ్వరుని ఆలయము సయితము అచ్చట వెలసినది. ఇంటింటి ముందును పచ్చిక పరచియుండును. ఆ పచ్చికలో వసంతకాలమున తనంతట తాను ఊదారంగు పువ్వొకటి మొలచును. దానిని వయొలెట్టు అందురు. ఇల్లినాయి, విస్కాన్సిన్, న్యూజెర్సీ, రోడ్ ఐలండ్ రాష్ట్రములు దానిని తమ పుష్పముగా నెన్నుకొన్నవి. పచ్చిక పెంచువారు మాత్రము దానిని కలుపని మందుగొట్టి చంపుదురు! పదివేల మైళ్లు దాటి పోయినను మన తోటమేస్త్రీ మాటయే వినవచ్చినది గదా.

ఆ వయొలెట్టు పువ్వులును, హృదయాకారముగల లేతయాకులును తినదగినవి. ఆకు బచ్చలివలె కొంత జిగురుగా నుండును గనుక పప్పులో చక్కగా కలియును. వేరుదుంప మాత్రము వాంతి కలిగించును, దానిని ముట్టరాదు. అచ్చటి సొంత మొక్కలలోనిదే మరియొకటి, బీ బామ్ అను అడవిపువ్వు. జులై, ఆగస్టు మాసములలో లేత ఊదారంగున పూయును. ఆకు నలిపినచో మన వాము వాసన గొట్టును. వామునందలి థైమాల్ అను పదార్థమే దీనియందును గలదు. పూరేకులు మజ్జిగలో వేసిన ఇంపుగా నుండును. దీని జాతిలోని ఎఱ్ఱపువ్వుల మొక్క ఆకులతో ఆ దేశపు ఆదివాసులు పానీయము కాచుకొనెడివారు. 1773లో బోస్టను రేవున తేయాకు పెట్టెలను సముద్రమున పారవేసిన కాలమున, తేయాకు మానిన వలసవారు ఆదివాసుల ఆ పానీయమునే త్రాగిరి. తేయాకు గిల్లి బ్రదుకు మనవారు ఈ సంగతి విని నవ్వుకొందురు గాక! నోవై యున్న భూమిని అనిషినాబె జాతులవారు 1807 నాటి డిట్రాయిటు ఒడంబడికచే వదలుకొనవలసి వచ్చినది. అచ్చటి పువ్వుల రుచి నెరిగినవారు మొదట వారే.

నోవై తెలుగువారు గోంగూరను, బచ్చలిని ప్రేమతో పెంచుదురు. అది తప్పని నేననను. కాని మే నెల నడుమవరకు మంచు భయము. అక్టోబరున మరల మంచు. గోంగూర బ్రదుకు అయిదు నెలలే. ఆ నేలకు పుట్టిన మొక్క మంచుక్రింద నిదురించి ఏటేట తానే లేచును. దానికొక మూల నిచ్చుటకు ఏల వెనుదీయవలెను? విత్తనములకు చలి తగులుట అవసరము. కావున వయొలెట్టును, వంగిన పూగుత్తుల అడవి యుల్లిని నవంబరులోనే కుండీలలో చల్లి బయట నుంచవలెను. బీ బామ్ విత్తనమును మాత్రము మట్టితో కప్పరాదు, దానికి వెలుతురు కావలెను. మొక్కలు కొనువారు వాటికి పురుగుమందు పట్టించిరో లేదో అడిగి కొనుట మంచిది.

అడవిలో త్రవ్వి తెచ్చుటను మాత్రము నేనొప్పను. రాంప్ అను అడవి యుల్లి విత్తనమునుండి పూవుదాక వచ్చుటకు అయిదారేండ్లు పట్టును. జనులు త్రవ్వి త్రవ్వి దానిని తరుగజేసినందున కెనడాలోని క్యుబెక్ రాష్ట్రము 1995లో దాని అమ్మకమును నిలిపివైచినది. అంతేగాక అడవిలో పొరబాటు ప్రాణాంతకము. ఉల్లిని బోలిన డెత్ కామస్ అను విషపు మొక్క కలదు. ఉల్లి వాసన లేనిది ఉల్లి కాదని గుర్తు చెప్పుదురు, నిజమే. కాని ఒక ఉల్లిని త్రుంచిన చేతికి ఆ పిమ్మట ప్రతి యాకును ఉల్లివాసనయే. మిషిగన్ రాష్ట్రము 1998లో తన అడవిపువ్వుగా నెన్నుకొన్న చిన్న ఐరిస్ చూపునకే గాని నోటికి గాదు. పేరు నిశ్చయముగా తెలిసిన విత్తనము నాటినచో ఈ సందేహములు చాలవరకు తీరును. అప్పటికిని మొదటి దినమున రెండు మూడు రేకులకు మించి తినరాదు. పసిపిల్లలకును గర్భవతులకును వైద్యుని అడుగక పెట్టరాదు.

ఇక మన లైనుల సంగతి. స్థలము కంపెనీది, ఇల్లు కంపెనీది, రేపు మరియొక డివిజనునకు మార్చినచో నాటిన మొక్క ఎవరిదని మీరడుగుదురు. నోవైలో అద్దె ఇండ్లవారును ఇదే అడుగుదురు. సొంత ఇంటివారికి సయితము ముంగిట ఏమి నాటవచ్చునో ఇండ్ల సంఘముల నియమములు అడ్డుపడుచుండును. పగిలిన కుండయో, నూనెడబ్బాయో, చిల్లుపడిన బాల్చీయో చాలును. మందుడబ్బాలను మాత్రము ఎంత కడిగినను వాడకుడు. మందు చల్లని చోటి మట్టిని, ఎరువును కలిపి నింపి, తొలకరికి ముందు తుమ్మి, గునుగు విత్తనములను పైపైన చల్లుడు. గునుగు విత్తనము ఆవగింజకంటె సన్నము, నల్లగా మెరయును; పండిన కంకిని గుడ్డమీద దులిపినచో రాలును. మందు చల్లు దినమున డబ్బాలను గాలివాటమునుండి ఇంటి వెనుకకు జరుపుకొనుడు. ఇల్లు మారునాడు వంటపాత్రలతో పాటు వానిని కూడ బండి కెక్కింపవచ్చును.