ఆమె ముందు నటి, తరువాతే శరణార్థి

శరణార్థుల కథలను ఒకే వరుసలో వినడం మనకు అలవాటైపోయింది. యుద్ధం, పారిపోవడం, గుడారం, ఆకలి. చివరికి ఏదో ఒక ధనిక దేశం, అక్కడొక వేదిక, చప్పట్లు. 'శరణార్థి నుంచి నటి వరకు' అని శీర్షిక పెడతారు. మనం వాట్సాప్‌లో పంచుకుంటాం. కాపరులం ఆదివారం ప్రసంగంలో ఉదాహరణగా వాడుకుంటాం. 'చూశారా, పట్టుదల ఉంటే ఎంత పైకి రావచ్చో' అని ముగించి ఇంటికి వెళ్ళిపోతాం.

ఆ వరుసే తప్పు. ఆఫ్ఘనిస్తాన్ నటి పర్వీన్ ముష్తహెల్ జీవితాన్ని ఆ వరుసలో పెట్టలేం. ఆమె శరణార్థి అయ్యాక నటి కాలేదు. నటి అయినందుకు శరణార్థి అయింది. ఈ తేడా చిన్నది కాదు. మొదటి వరుసలో చెబితే కథ ఆమె ప్రతిభ గురించి అవుతుంది. రెండో వరుసలో చెబితే ఆమెను తరిమినవాళ్ళ గురించి, ఆమెలాంటివారికి తలుపు మూసినవాళ్ళ గురించి అవుతుంది. ఆ మూసినవాళ్ళలో మనమూ ఉన్నామా అన్నదే నా ప్రశ్న.

ముందు ఆమె కథ. 1996 నుంచి 2001 వరకు సాగిన తాలిబాన్ పాలనలో కాబూల్‌లో నాటకం లేదు, సినిమా లేదు, సంగీతం లేదు. ఆడపిల్లకు బడి లేదు. ఆ పాలన కూలిన నాలుగేళ్ళకు, 2005లో, పారిస్‌లో ఉండే నటి, దర్శకురాలు కొరిన్ జాబర్ కాబూల్ నటీనటులను కూడగట్టి షేక్‌స్పియర్ 'లవ్స్ లేబర్స్ లాస్ట్' నాటకాన్ని దరీ భాషలో వేయించింది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకే వేదిక మీద, ప్రేమ గురించి, నవ్విస్తూ. ఆ దేశంలో అప్పటికి అది ఎంత తెగువో ఊహించుకోవచ్చు. ఆ నటీమణుల్లో పర్వీన్ ఒకరు.

నాటకం కథ ఏమిటంటే, ఒక రాజు, అతని ముగ్గురు మిత్రులు మూడేళ్ళు చదువు తప్ప మరో ధ్యాస పెట్టుకోమని, ఆడవాళ్ళ ముఖం చూడమని ఒట్టు పెట్టుకుంటారు. ఇంతలో ఒక రాకుమారి తన చెలికత్తెలతో వస్తుంది. ఒట్టు గట్టున పెట్టి నలుగురూ ప్రేమలో పడతారు. కాబూల్ ప్రదర్శనలో ఆ రాజు కాబూల్ రాజు అయ్యాడు, ఆ రాకుమారి హెరాత్ రాకుమారి అయింది. ఆడదాన్ని కంటికి కనపడకుండా చేస్తేనే పవిత్రత నిలబడుతుందనుకునే మగవాళ్ళను చూసి కాబూల్ ప్రేక్షకులు కడుపుబ్బ నవ్వుకున్నారు. నవ్వనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ఇంటికి వెళ్ళి నటీమణుల పేర్లు గుర్తుపెట్టుకున్నారు.

పర్వీన్ నటన మానలేదు. బెదిరింపులు వచ్చాయి. భార్యను కట్టడి చేయలేని మొగుడని ఆమె భర్తను కూడా వేధించారు. 2008లో అతన్ని కాల్చి చంపారు. వేదికెక్కింది ఆమె, తూటా తిన్నది ఆయన. ఇద్దరు పిల్లలను తీసుకుని ఆమె పాకిస్తాన్‌కు పారిపోయింది. తరువాత కెనడా ఆమెకు చోటిచ్చింది.

ఇది ఒక్క పర్వీన్ దురదృష్టం అనుకుంటే పొరపాటు. అదే నాటకంలో నటించిన మరీనా గుల్‌బహారీ కాబూల్ వీధుల్లో అడుక్కునే పిల్లగా ఉన్నప్పుడు దర్శకుడు సిద్దిక్ బర్మక్ కంటపడింది. ఆమె నటించిన 'ఒసామా' చిత్రానికి 2004లో గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. 2015లో దక్షిణ కొరియాలోని బుసాన్ చిత్రోత్సవంలో ఆమె తల మీద ముసుగు లేని ఫొటో ఒకటి బయటికి వచ్చింది. చంపుతామన్నారు. ఆమె ఫ్రాన్స్‌లో ఆశ్రయం కోరవలసి వచ్చింది. ఆ నాటకంలోనే ఉన్న సబా సహర్ నటి, సినిమా దర్శకురాలు, పోలీసు అధికారి కూడా. 2020 ఆగస్టులో కాబూల్‌లో ఆమె కారు మీద కాల్పులు జరిపారు. పొట్టలో తూటా దిగినా బతికి బయటపడింది. ఒకే నాటకం, ముగ్గురు ఆడవాళ్ళు. ఇది విధి కాదు, వేట.

నాటకమన్నా, నాటకం చూసేవాళ్ళన్నా ఆ వేటగాళ్ళకు భయం. 2014 డిసెంబరు 11న కాబూల్‌లోని ఫ్రెంచి సాంస్కృతిక కేంద్రంలో ఆత్మాహుతి దాడులను ఖండించే నాటకం ఒకటి నడుస్తోంది. ప్రేక్షకుల మధ్య కూర్చున్న ఒక కుర్రాడు తనను తాను పేల్చుకున్నాడు. ఆ పేలుడు కూడా నాటకంలో భాగమేనని మొదట కొందరు అనుకున్నారట. 2021 ఆగస్టు 15న తాలిబాన్ కాబూల్‌కు తిరిగి వచ్చింది. ఆ నవంబరులోనే ఆడవాళ్ళు నటించిన నాటకాలు, ధారావాహికలు టీవీలో చూపవద్దని ఆదేశం వచ్చింది. 2024 ఆగస్టులో తెచ్చిన చట్టంలో ఆడదాని గొంతును కూడా పరాయివాళ్ళ చెవిన పడకూడని వాటిలో చేర్చారు. గొంతే నేరమైన చోట నటి ఏం చేయాలి?

మనకెందుకు ఈ గొడవ అనకండి. ఈ కథ ఒకసారి మన గుమ్మం దాకా వచ్చింది. 2012లో లండన్‌లోని షేక్‌స్పియర్ గ్లోబ్ నాటకశాల ప్రపంచ భాషల్లో షేక్‌స్పియర్ నాటకాలు వేయించినప్పుడు ఆఫ్ఘన్ బృందాన్నీ పిలిచింది. దర్శకురాలు మళ్ళీ కొరిన్ జాబరే. నాటకం 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'. కానీ 2011 ఆగస్టు 19న కాబూల్‌లోని బ్రిటిష్ కౌన్సిల్ మీద దాడి జరిగింది. సొంత ఊళ్ళో సాధన చేసుకునే దారి లేక ఆ బృందం బెంగళూరు వచ్చి రిహార్సళ్ళు చేసుకుంది. ఈ పత్రిక చదివే మీలో చాలామంది తరతరాలుగా ఉంటున్న బెంగళూరే. కాబూల్‌లో నోరు విప్పితే చంపుతారన్న ఆడవాళ్ళు అక్కడ గొంతెత్తి మాటలు వల్లించుకున్నారు. మన ఊరు ఆ మేలు చేసింది. దానికి సంతోషిద్దాం.

అయితే ఆ నాటకం దేని గురించో కూడా చూడండి. ఒక ముసలి వర్తకుడు తప్పిపోయిన కొడుకును వెతుక్కుంటూ ఎఫెసు పట్నంలో అడుగుపెడతాడు. అతని ఊరివాడెవడైనా ఆ పట్నంలో దొరికితే తల తీయాలని అక్కడి చట్టం. లేదా వెయ్యి మార్కులు కట్టాలి. అతను చేసిన నేరం రావడమే. ఆఫ్ఘన్ బృందం అతన్ని సమర్కండ్ నుంచి కాబూల్ వచ్చిన వర్తకుడిగా మార్చుకుంది. షేక్‌స్పియర్ మూలంలో ఇంకో ఘట్టం ఉంది. జనం వెంటపడితే ఇద్దరు పరదేశులు ఒక క్రైస్తవ మఠంలోకి పరుగెడతారు. వాళ్ళను అప్పగించమని బయట కేకలు. మఠాధిపతురాలు అప్పగించనంటుంది. వాళ్ళెవరో ఆమెకు అప్పటికి తెలియదు. మతమేదని అడగలేదు, కాగితాలు చూపమనలేదు. లోపలికి వచ్చినవాణ్ణి బయటికి నెట్టనంది, అంతే. ఆ ఇద్దరిలో ఒకడు తన కన్నకొడుకేనని చివర్లో తేలుతుంది.

ఎఫెసు మనకు కొత్త ఊరు కాదు. ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో, క్రీస్తులో ఎవడూ పరాయివాడు కాడని పౌలు చెప్పిన మాట మీద ప్రసంగించని కాపరి ఉండడు. ఆ మాట మన నోటికి వచ్చు. మన చట్టం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు పెగలదు.

మన చట్టం సంగతి చూద్దాం. శరణార్థుల మీద 1951లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం మీద గానీ, 1967 నాటి దాని అనుబంధం మీద గానీ భారతదేశం సంతకం చేయలేదు. మనకు శరణార్థుల చట్టమే లేదు. ఇక్కడికి పారిపోయి వచ్చినవాడు చట్టం దృష్టిలో విదేశీయుడు, కాగితం లేకపోతే అక్రమ వలసదారుడు. 2019లో పౌరసత్వ చట్టాన్ని సవరించారు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31లోపు వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్శీలు, క్రైస్తవులు అక్రమ వలసదారులు కారన్నారు. 2024 మార్చి 11న నిబంధనలు వచ్చాయి. 2025 సెప్టెంబరు 1న కొత్త విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. ఆ రోజే ఇచ్చిన ఉత్తర్వులో, మత హింసకు భయపడి 2024 డిసెంబరు 31లోపు వచ్చిన ఆ ఆరు మతాలవాళ్ళకు కాగితాలు లేకున్నా శిక్ష ఉండదన్నారు. రెండుసార్లూ జాబితా అదే. రెండుసార్లూ ముస్లిం పేరు లేదు.

ఇప్పుడు పర్వీన్‌ను ఆ జాబితా ముందు నిలబెట్టండి. 2008లో ఆమె పాకిస్తాన్‌కు కాకుండా పిల్లలతో ఢిల్లీకి వచ్చి ఇక్కడే ఉండిపోయిందనుకుందాం. ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చావా? అవును. 2014కు ముందేనా? అవును. ప్రాణభయమా? భర్త సమాధే సాక్ష్యం. మతం? అక్కడితో దరఖాస్తు ఆగిపోతుంది. ఏ మత ఛాందసం ఆమె భర్తను చంపిందో, ఆ మతంలో పుట్టిందన్న కారణంతోనే మనం ఆమెకు తలుపు వేస్తాం. తాలిబాన్ దృష్టిలో ఆమె చాలినంత ముస్లిం కాదు. మన చట్టం దృష్టిలో మరీ ముస్లిం అయిపోయింది.

'ఈ చట్టం ఇచ్చేదే గానీ లాక్కునేది కాదు, ముస్లింలు మామూలు పద్ధతిలో దరఖాస్తు చేసుకోవచ్చు కదా' అంటారు. ఆ మామూలు పద్ధతి అక్రమ వలసదారుడికి వర్తించదు. ప్రాణం అరచేతిలో పెట్టుకుని పారిపోయేవాళ్ళలో ఎందరి దగ్గర వీసా ఉంటుంది? 2021 ఆగస్టు 25న, కాబూల్ విమానాశ్రయం బయట జనం తొక్కిసలాడుతున్న రోజుల్లో, దేశం బయట ఉన్న ఆఫ్ఘన్లకు అంతకు ముందు ఇచ్చిన వీసాలన్నీ చెల్లవని మన ప్రభుత్వం ప్రకటించింది. చేతిలో వీసా ఉన్నవాళ్ళది కూడా చిత్తుకాగితమైపోయింది.

'వాళ్ళకు ముస్లిం దేశాలు ఉన్నాయి కదా, అక్కడికి పొమ్మనండి' అనేవాళ్ళూ ఉన్నారు. పోయారు. ఎక్కువమంది ఆఫ్ఘన్లు తలదాచుకున్నది ఇరాన్, పాకిస్తాన్‌లలోనే. 2023 చివరి నుంచి పాకిస్తాన్, ఆ తరువాత ఇరాన్ లక్షల మందిని వెనక్కి తోలేశాయి. పైగా షియా హజారాలు, ఆడవాళ్ళు, కళాకారులు పారిపోతున్నది ముస్లిం పాలకుల నుంచే. వాళ్ళను ఆ పాలకుల లెక్కలోనే కలపడం ఏ న్యాయం?

ఇక మన సంగతి. ఆ జాబితాలో క్రైస్తవుల పేరుంది. అందుకే మన సంఘాల్లో చాలామంది ఊరుకున్నారు. 'మన పేరుంది కదా, ఇంకేం' అని నాతో అన్న విశ్వాసులున్నారు, కాపరులూ ఉన్నారు. వాళ్ళకు నా జవాబు ఇదే. మన పేరు పెట్టింది మన మీద ప్రేమతో కాదు, పక్కవాడి పేరు తీసేయడానికి. పక్కవాడి ఆకు తీసేసి మనకు వడ్డిస్తే ఆ ముద్ద గొంతు దిగకూడదు. 2024 నిబంధనల ప్రకారం దరఖాస్తుదారుడు తన మతం ఏదో స్థానికంగా పేరున్న సామాజిక సంస్థ నుంచి ధ్రువపత్రం తేవాలి. అంటే రేపు ఆ కాగితం మీద సంతకం పెట్టమని మన సంఘాల ముందుకూ రావచ్చు. విశ్వాసం ఎప్పుడైంది రేషన్ కార్డు? ప్రాణభయంతో వచ్చినవాడి గుండెలో ఎవరున్నారో తేల్చి ముద్ర వేసే పని కాపరిది కాదు.

ఇంకొక రోగం కూడా మనలో ఉంది. శరణార్థిని ఆదుకోవాలంటే అతను ఏదో సాధించినవాడై ఉండాలి. నటి, క్రీడాకారుడు, శాస్త్రవేత్త అయితే వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పిస్తాం. కూలివాడైతే 'ఎక్కడివాడో' అంటాం. ఆశ్రయం ప్రతిభకు ఇచ్చే బహుమతి కాదు. పర్వీన్ గొప్ప నటి కాకపోయినా, వేదిక మీద మాట తడబడేదైనా, అసలు నటే కాకపోయినా ఆమెకు బతికే హక్కు ఉంది. మన సుప్రీంకోర్టు 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మాల కేసులో చెప్పింది కూడా అదే. 21వ అధికరణం ఇచ్చే రక్షణ పౌరులకే కాదు, ఈ నేల మీదున్న ప్రతి వ్యక్తికీ ఉంటుంది.

'నాటకాలాడకు' అనేది మన భాషలో తిట్టు. వేషం కట్టిన ఆడదాన్ని మన ఊళ్ళూ, మన సంఘాలూ ఏ చూపు చూశాయో మనకు తెలుసు. కాబట్టి తాలిబాన్‌ను తిట్టి చేతులు దులుపుకునే అర్హత మనకు లేదు. చేయవలసిన పనులు ఉన్నాయి.

మతం అడగని శరణార్థుల చట్టం కావాలని మీ పార్లమెంటు సభ్యుడికి రాయండి. జాబితాలో మన పేరు ఉన్నందుకే మన గొంతుకు విలువ ఎక్కువ. బయట మిగిలినవాడు అడిగితే స్వార్థమంటారు, లోపలున్నవాడు అడిగితే న్యాయమంటారు. బెంగళూరు, పుణె, హైదరాబాదుల్లో ఆఫ్ఘన్ విద్యార్థులున్నారు. 2021 తరువాత ఇంటికి పోలేక, వీసా గడువు తీరితే ఎలా అన్న దిగులుతో గడిపినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. మీ వీధిలో అద్దె ఇల్లు వెతుక్కునేది వాళ్ళే కావచ్చు. మతమడగకుండా ఇల్లివ్వండి. మన మిషన్ బళ్ళల్లో, కాలేజీల్లో కాగితం తక్కువైన పిల్లలకు సీటు ఇమ్మని యాజమాన్యాలను నిలదీయండి. మన ఆవరణల్లో ఏడాదికి రెండు పండుగలకు తప్ప తెరవని హాళ్ళున్నాయి. అలాంటి బృందం మళ్ళీ వస్తే తాళం తీయండి.

తలుపు తట్టినవాడు ఎవడో తెలుసుకున్నాక తీయడం లెక్క చూసుకోవడం. తెలియకముందే తీయడం విశ్వాసం.