వరుస కలవదు.. వరుస కదలదు

అమెరికాలో ఆప్తుల మరణం.. భార్యకు అత్యవసర వీసా దారి, భర్తకు నెలల నిరీక్షణ

గుంటూరు: ఉమ్మడి గుంటూరు, కృష్ణా జిల్లాల్లో అమెరికాలో అయినవారు లేని వీధి అరుదు. అటు కరీంనగర్, నల్గొండ జిల్లాల్లోనూ పరిస్థితి ఇంతే. పిల్లల స్నాతకోత్సవాలకు, కూతుళ్ల పురుళ్లకు నెలల ముందే సందర్శక వీసా సంపాదించుకుని వెళ్లి వస్తున్న కుటుంబాలకు, అక్కడ ఎవరైనా ఆకస్మికంగా కన్నుమూసినప్పుడే అసలు చిక్కు ఎదురవుతోంది. రెండు మూడు రోజుల్లో బయలుదేరాలి. దంపతులిద్దరూ వెళ్లవలసిన చోట ఒక్కరికే దారి దొరుకుతుంది. అత్యవసర వీసా నిబంధనలు రక్తసంబంధాన్ని లెక్కిస్తున్నాయే తప్ప పెళ్లితో కలిసిన చుట్టరికాన్ని లెక్కించకపోవడమే ఇందుకు మూలం.

అమెరికా సందర్శక (బీ1/బీ2) వీసాకు మామూలు రోజుల్లో ఇంటర్వ్యూ తేదీ దొరకడమే గగనం. మరణం, ప్రాణాపాయం వంటి సందర్భాలకు తేదీని ముందుకు జరిపే ఏర్పాటు ఒకటి ఉంది. అయితే అది నేరుగా తలుపు తట్టే మార్గం కాదు. ముందు డీఎస్-160 దరఖాస్తు నింపాలి. 185 డాలర్ల రుసుము చెల్లించాలి. ఎన్ని నెలల తర్వాతిదైనా సరే దొరికిన సాధారణ తేదీని ఖరారు చేసుకోవాలి. ఆ తర్వాతే అత్యవసర వినతి పంపడానికి వీలవుతుంది. ఈ వరుస తెలియక, ‘తేదీలే లేవు కదా’ అని మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయి ఒకటి రెండు రోజులు పోగొట్టుకునే కుటుంబాలు ఉన్నాయి. చావు ఇంట్లో ఒక రోజు విలువ ఏపాటిదో వేరే చెప్పనక్కరలేదు.

వినతితోపాటు రెండు ఆధారాలు చూపాలి. ఒకటి, అంత్యక్రియలు నిర్వహించే ఫ్యూనరల్ హోం ఇచ్చే లేఖ. అందులో మృతుని వివరాలు, అంత్యక్రియల తేదీ, సంప్రదించవలసిన చిరునామా ఉండాలి. రెండోది, మృతుడు దరఖాస్తుదారుకు సమీప బంధువేనని రుజువు చేసే పత్రం. మొదటిది కుటుంబం చేతిలో లేనిది. ప్రమాదం, హత్య, ఆకస్మిక మరణం వంటి కేసుల్లో అక్కడి మెడికల్ ఎగ్జామినర్ పరిశీలన ముగిసి భౌతికకాయాన్ని అప్పగించేదాకా అంత్యక్రియల తేదీ ఖరారు కాదు. తేదీ లేనిదే లేఖ రాదు, లేఖ లేనిదే వినతికి బలం లేదు.

జాబితాలో లేని బావ

ఇక సమీప బంధువులంటే ఎవరు? ప్రధానంగా తల్లి, తండ్రి, సోదరుడు, సోదరి, బిడ్డలు. అత్తమామలు, బావలు, బావమరుదులు, తోడికోడళ్లు ఈ లెక్కలోకి రారు. తెనాలిలోని ఓ మధ్యతరగతి దంపతులను ఊహించుకుంటే విషయం తేటపడుతుంది. భార్య తమ్ముడు డల్లాస్‌లో మరణించాడు. అక్కగా ఆమె అత్యవసర ఇంటర్వ్యూకు అర్హురాలు. భర్త మృతునికి బావ. తెలుగు ఇళ్లలో బావమరిది పోతే బంధువులకు కబురు చెప్పడం నుంచి కర్మకాండ ముగిసేదాకా ముందు నిలబడేది ఆయనే. వీసా కాగితం దృష్టిలో మాత్రం ఆయన మృతునికి ఏమీ కాడు. మేనరికపు పెళ్లిళ్లలో బావే మేనమామ కొడుకు కూడా అవుతాడు. అయినా ఆ రెండు వరుసల్లో దేనికీ జాబితాలో చోటు లేదు. ఫలితంగా గన్నవరం దాటి విమానం ఎక్కి ఎరుగని మనిషి, అదీ తోడబుట్టినవాణ్ని పోగొట్టుకున్న దుఃఖంలో, నడుమ పరాయి దేశంలో విమానం మారుతూ ఒంటరిగా ప్రయాణించవలసి వస్తోంది.

ఇంతకన్నా విచిత్రం మరొకటి ఉంది. మరణించినది అల్లుడైతే, అమెరికాలో ఒంటరిగా మిగిలేది కూతురు. ఆమె చేతుల్లో పసిబిడ్డలుండవచ్చు. ఆ క్షణాన ఆమె పక్కన ఉండవలసింది కన్నవారు. పదోరోజున పుట్టింటివారు చీర పెట్టే ఆచారం నేటికీ చాలా కుటుంబాల్లో కొనసాగుతోంది. కానీ నిబంధన అక్షరాలు చూస్తే మృతునికి వీరు అత్తమామలు మాత్రమే. పోయినవారితో చుట్టరికం అడిగే నియమం, మిగిలినవారితో చుట్టరికం అడగదు. ఇటువంటి వినతులను కాన్సులేట్ అధికారులు మానవతా దృష్టితో మన్నించే అవకాశం లేకపోలేదు. అయితే అది వారి విచక్షణే తప్ప దరఖాస్తుదారు హక్కు కాదు. విచక్షణను నమ్ముకుని టిక్కెట్టు కొనే ధైర్యం ఎవరికి ఉంటుంది?

తేదీ దొరికితే వీసా దొరికినట్లు కాదన్నది చాలామంది గ్రహించని సంగతి. అమెరికా వలస చట్టం (1952)లోని 214(బి) నిబంధన ప్రకారం సందర్శకుడిగా వచ్చే ప్రతి వ్యక్తినీ అక్కడే ఉండిపోదలచినవాడిగానే ముందు భావిస్తారు. కాదని నిరూపించుకోవలసిన భారం దరఖాస్తుదారుదే. మరణవార్త ఈ భారాన్ని తగ్గించదు. దంపతులిద్దరూ కలిసి వెళ్లినా ఎవరి అర్హత వారిదే. భార్యకు మంజూరై భర్తకు తిరస్కరణ ఎదురుకావచ్చు. ఇద్దరూ బయలుదేరితే ఇక్కడ వెనక్కి లాగే బంధం ఏముందన్న ప్రశ్నా రావచ్చు. బడికి వెళ్లే పిల్లలు, ఉద్యోగం, సాగులో ఉన్న పొలం, వృద్ధులైన తల్లిదండ్రులు, వీటిని నాలుగు మాటల్లో చెప్పగలగాలి. నాలుగు నిమిషాల ఇంటర్వ్యూలో కన్నీటి మధ్య ఆ నాలుగు మాటలు చెప్పడం అంత తేలికా?

తిరస్కరణపై అప్పీలు లేదు. మళ్లీ రుసుము కట్టి మళ్లీ దరఖాస్తు చేసుకోవడమే. అక్కడి బంధువు అమెరికా పౌరుడైనా ఒరిగేది స్వల్పం. సాల్వడార్ దేశస్థుడైన భర్తకు వీసా నిరాకరించడాన్ని సవాలు చేసిన అమెరికా పౌరురాలి కేసులో (మునోజ్ కేసు) అక్కడి సుప్రీంకోర్టు 2024 జూన్ 21న 6-3 మెజారిటీతో తీర్పునిస్తూ, భాగస్వామిని దేశంలోకి అనుమతించాలని కోరే ప్రాథమిక హక్కు పౌరులకు రాజ్యాంగంలో లేదని తేల్చింది. అది వలస వీసా కేసు. శాశ్వత నివాసానికే ఆ మాట అన్నప్పుడు పది రోజుల పరామర్శకు వేరే న్యాయం ఆశించలేం.

బ్రిటన్‌లోనూ కుదించారు

బ్రిటన్ పద్ధతి వేరు. అక్కడ డబ్బుతో సమయాన్ని కొనుక్కోవచ్చు. సందర్శక వీసా రుసుముకు అదనంగా 500 పౌండ్లు కడితే ఐదు పనిదినాల్లో, 1000 పౌండ్లు కడితే వేలిముద్రలు ఇచ్చిన మరుసటి పనిదినానికల్లా నిర్ణయం వెలువరించే సేవలు ఉన్నాయి. నిర్ణయం త్వరగా వస్తుందన్న హామీయే గానీ అనుకూలంగా వస్తుందన్న హామీ కాదు. ఈ తేడా దళారులు చెప్పరు.

చుట్టరికం విషయంలో బ్రిటన్ ఒకప్పుడు ఉదారంగానే వ్యవహరించింది. కుటుంబ సందర్శకుల అప్పీళ్లకు సంబంధించిన 2003 నాటి నిబంధనల్లో భాగస్వామి తల్లిదండ్రులు, తోబుట్టువులే కాదు, మేనమామ, మేనత్త, పినతండ్రి బిడ్డలు సైతం కుటుంబంలో భాగమే. ఇది తెలుగువారి కుటుంబ భావనకు దగ్గరి నిర్వచనం. 2012లో దాన్ని కుదించారు. 2013 జూన్ 25 నుంచి సందర్శక వీసా తిరస్కరణపై పూర్తిస్థాయి అప్పీలు హక్కునే ఎత్తివేశారు. అంటే ఆ నిర్వచనాన్ని రాయలేక కాదు, రాసి తీసేశారన్నమాట.

అక్కడివారు రాలేక..

ఇక్కడివారే అక్కడికి వెళ్లవలసిన అవసరం ఇటీవల పెరగడానికి మరో కారణం ఉంది. ఊళ్లో తండ్రి పోయినా అమెరికా నుంచి కొడుకు రావడానికి జంకుతున్నాడు. తిరుగు ప్రయాణానికి స్టాంపింగ్ దొరుకుతుందో లేదోనన్న భయమే కారణం. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాల పరిశీలనను విస్తరించడంతో అప్పటికే ఖరారైన ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. వచ్చినవారు ఇక్కడే చిక్కుకుపోయిన ఉదంతాలు వెలుగుచూశాయి.

మృతుడి వీసా మీద ఆధారపడిన భాగస్వామి దుస్థితి మరీ దయనీయం. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేథ్‌లో జాతివిద్వేష కాల్పులకు బలైన హైదరాబాద్ ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్ ఉదంతం తెలిసిందే. భర్తతోపాటే ఆయన సతీమణి సునయన దుమాల అమెరికాలో నివసించే అర్హతనూ కోల్పోయారు. అంత్యక్రియలకు స్వదేశం వచ్చిన ఆమె తిరిగి వెళ్లగలిగారంటే, ఆ ప్రాంత కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ తదితరులు పూనుకోవడమే కారణం. దేశమంతా ఎరిగిన విషాదం గనుక చట్టసభ సభ్యుడు కదిలాడు. పత్రికలకెక్కని మరణాల్లో ఆ స్థానంలో ఎవరున్నారు?

విదేశీ భాగస్వామి ఇక్కడికి రావలసి వచ్చినప్పుడు మన దేశ నిబంధనలు కొంత మెరుగు. కుటుంబంలో మరణం సంభవిస్తే భారత కాన్సులేట్లు రుజువులు చూసి అత్యవసర వీసా ఇస్తాయి. ఓసీఐ కార్డు ఉంటే వీసా గొడవే లేదు. కాకపోతే విదేశీ భాగస్వామి ఆ కార్డుకు దరఖాస్తు చేయాలంటే వివాహం నమోదై కనీసం రెండేళ్లు నిరంతరాయంగా కొనసాగి ఉండాలి. కొత్త దంపతులకు అత్తింటి చావు రెండేళ్లు ఆగదు.

చిక్కంతా కాగితాల్లోనే

విదేశీ నిబంధనలను మార్చడం జిల్లా యంత్రాంగం చేతిలో లేదు. కానీ దరఖాస్తు వెంట వెళ్లే కాగితాలన్నీ పుట్టేది జిల్లాలోనే. భర్తకు మృతునితో సంబంధం చూపాలంటే రెండు ముళ్లు కలవాలి. మృతుడు, భార్య ఒకే తల్లిదండ్రుల బిడ్డలన్నది మొదటిది. ఆమె ఈయన భార్య అన్నది రెండోది. మొదటిదానికి ఇద్దరి పాస్‌పోర్టులూ కొంత అక్కరకొస్తాయి. చాలా పాస్‌పోర్టుల చివరి పేజీలో తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. రెండోదాని దగ్గరే తడబాటు. ఉమ్మడి రాష్ట్రంలో వివాహాల నిర్బంధ నమోదు చట్టం వచ్చింది 2002లో. అంతకు ముందు పెళ్లయిన వారిలో, ఇప్పుడు యాభై, అరవై ఏళ్ల వయసున్న తరంలో, వివాహ ధ్రువపత్రం లేని జంటలు పల్లెల్లో కోకొల్లలు. అమెరికా వెళ్లవలసి వచ్చేది ఎక్కువగా ఆ తరమే.

పేర్ల గందరగోళం దీనికి తోడు. పదో తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉంటుంది. ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. పెళ్లయ్యాక ఒకచోట పుట్టింటి పేరు, మరోచోట అత్తింటి పేరు నమోదవుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ (పేరు తెలియదు) అని అచ్చవుతుంది. తోడబుట్టినవారి ఇంటిపేర్లే రెండు తీరులుగా ఉంటే తెలుగు సంప్రదాయం తెలియని అధికారికి అనుమానం రావడంలో వింత లేదు.

ఈ సందులోనే కన్సల్టెన్సీల పేరిట దళారులు దూరుతున్నారు. బావను అన్నగా చూపించండి, మామను తండ్రిగా రాయండి అన్న సలహాలు ఉచితంగా దొరుకుతాయి. అత్యవసర కారణం అవాస్తవమని తేలితే ఆ విషయం దరఖాస్తుదారు రికార్డుల్లో నమోదై వీసా ఫలితంపై ప్రభావం చూపుతుందని కాన్సులేట్ ముందుగానే హెచ్చరిస్తోంది. అబద్ధం ఆడినది భర్తే అయినా భార్య వీసాకూ ముప్పు తప్పకపోవచ్చు. దానికన్నా ఆమె దరఖాస్తులో, ఆయన దరఖాస్తులో ఉన్నది ఉన్నట్లు రాసి, ఆమె ఒంటరిగా ప్రయాణించలేని కారణాన్ని వినతిలో స్పష్టంగా పేర్కొనడం మేలు. హైదరాబాద్‌లోనే తేదీ కోసం పట్టుబట్టనక్కరలేదు. చెన్నై, ముంబయి, ఢిల్లీ, కోల్‌కతాల్లో ఎక్కడైనా దరఖాస్తు చేసుకోవచ్చు.

ప్రభుత్వాలు తలచుకుంటే వేగం సాధ్యమేనని 2025 నవంబర్‌లో రుజువైంది. ఆ నెల 17న సౌదీలో మదీనా సమీపాన జరిగిన బస్సు ప్రమాదంలో హైదరాబాద్ ఉమ్రా యాత్రికులు 45 మంది మరణించగా, తెలంగాణ మంత్రివర్గం అదేరోజు సమావేశమై ఒక్కో కుటుంబం నుంచి ఇద్దరేసి బంధువులను అంత్యక్రియలకు పంపాలని నిర్ణయించింది. ఆ ఇద్దరూ ఎవరన్నది కుటుంబాలకే విడిచిపెట్టవచ్చు. ఒక్క ఇంటి చావుకు మంత్రివర్గం సమావేశం కాదు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్ఆర్టీ సొసైటీ ఉంది. తెలంగాణ సచివాలయంలో ఎన్ఆర్ఐ విభాగం ఉంది. బంధుత్వాన్ని ధ్రువీకరిస్తూ తహసీల్దారు ఇచ్చే పత్రానికి ఆంగ్లంలో ఒకే నమూనా రూపొందించి, మరణవార్త అందిన 24 గంటల్లో జారీ చేసేలా ఈ విభాగాలు జిల్లా కలెక్టర్లతో మాట్లాడితే పెద్ద ఖర్చేమీ కాదు. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో పాత పెళ్లిళ్ల నమోదుకూ వీలుంది. దానికి శుభలేఖ, పెళ్లి ఫొటో, వయసు ధ్రువపత్రాలు, సాక్షులు కావాలి. ముప్పై ఏళ్ల నాటి శుభలేఖ ఇంట్లో దొరకని వారికి ప్రత్యామ్నాయం ఏమిటన్నది మాత్రం ఒక్కో కార్యాలయంలో ఒక్కో రకంగా చెబుతున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ ముందుగా తేల్చవలసింది ఇదే.