బాతుకాళ్ళు కావు, బూట్లే ఇరుకు!

కిందటిసారి మా తోడికోడలు కేదారనాథుణ్ణి దర్శించుకుని వచ్చిందిగానీ, దిగేటప్పుడు సగం దారి గుర్రం మీదే. గౌరీకుండ్ నుంచి గుడికి సుమారు 16 కిలోమీటర్లు. ఎక్కడం బాగానే ఎక్కిందట. దిగుతుంటే బొటనవేళ్ళు బూటు ముందు భాగానికి గుద్దుకుని గుద్దుకుని, కైకలూరు చేరేసరికి గోళ్ళు రెండూ నల్లగా కమిలిపోయాయి. నెల్లాళ్ళకి ఒకటి ఊడిపోయింది కూడా. మూడేళ్ళు చీటీ కట్టి దాచుకున్న డబ్బుతో వెళ్ళిన యాత్ర! ఇప్పుడు మళ్ళీ వెళ్తానంటోంది. ఈసారి గుర్రం ఎక్కనని పంతం. "అక్కయ్యా, బూట్ల సంగతి నువ్వే చూడాలి" అంది.

పోయినసారి దుకాణంలో కుర్రాడు "మీవి బాతుకాళ్ళమ్మా, మీకు ఏదీ పట్టదు" అన్నాట్ట. పైగా ఆరో నంబరు బిగుతుగా ఉందని ఏడో నంబరు అంటగట్టాడు. తప్పంతా అక్కడే జరిగింది. నంబరు పెరిగితే పొడవు పెరుగుతుంది, వెడల్పు పెరిగేది కాస్తే. మడమ దగ్గర వదులైపోయి, దిగుడులో పాదం ముందుకి జారుతుంది.

అయినా బాతుకాళ్ళేమిటి! కొల్లేటి గట్ల మీద, వరిచేలల్లో చెప్పుల్లేకుండా తిరిగి పెరిగిన పాదాలు. వేళ్ళు విడివిడిగా పరుచుకుని నేలని పట్టుకుంటాయి. కాన్పులయ్యాక చాలామందికి పాదం ఇంకాస్త సాగుతుంది. పెళ్ళినాటి నంబరే పట్టుకుని కూర్చుంటే ఎలా? చెన్నైలోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ వారు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్షమందికి పైగా పాదాలు కొలిపించారు. మనవాళ్ళ పాదాలు సాధారణంగా యూరప్ వాళ్ళ పాదాలకంటే వెడల్పని తేలింది. దుకాణాల్లో నంబర్లు మాత్రం ఆ దేశాల లెక్కవే!

ఏలూరు వెళ్ళేముందు ఇంట్లో చేసిన పని చెబుతాను. పగలంతా నిలబడ్డ పాదం సాయంత్రానికి ఉబ్బుతుంది కాబట్టి సాయంత్రమే కొలత తీశాం. మందపాటి మేజోళ్ళు తొడిగించి, పాత క్యాలెండరు కాగితం మీద నిలబెట్టి, పెన్సిలు నిటారుగా పట్టుకుని రెండు పాదాల చుట్టూ గీశాను. కూర్చోబెట్టి గీస్తే పాదం సన్నగా వస్తుంది, మోసపోతారు. కుడిపాదం కొంచెం పెద్దది, దాని కొలతే లెక్క. గీత వెంబడి కత్తిరించి చేతిసంచిలో వేసుకున్నాం. దుకాణంలో బూటు లోపలి మెత్త బయటికి తీయించి, దాని మీద ఈ కాగితం పెట్టడమే. అంచులు దాటి వస్తే ఆ బూటు తొడిగి చూడక్కర్లేదు.

ఆడవాళ్ళ బూట్లు నాలుగు జతలు చూశాం. అన్నింట్లోనూ చిటికెనవేలి దగ్గర కాగితం బయటికే. సరే, మగవాళ్ళ బూట్ల వైపు పదమన్నాను. మొహం చిట్లించింది. అదే పొడవులో మగవాళ్ళది సాధారణంగా వెడల్పుగా ఉంటుంది, కొండల్లో ఎవరు చూడొచ్చారు? కొన్ని కంపెనీల డబ్బాల మీద నంబరు పక్కన వెడల్పు అక్షరాలు కూడా ఉంటాయి. అమెరికా లెక్కలో ఆడవాళ్ళకి 'బి' మామూలు, 'డి' వెడల్పు. మగవాళ్ళకి 'డి' మామూలు, 'ఇ' రెండుసార్లు ఉంటే వెడల్పు.

తొడిగాక పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ లేవకూడదు. దుకాణం మెట్లు నాలుగుసార్లు దించాను. అప్పుడు బయటపడింది మెట్టెల సంగతి! మూడు చుట్ల వెండి మెట్టెలు పక్కవేలిని నొక్కి ఎర్రగా చేసేశాయి. తీసెయ్యమంటే ఊరుకుంటుందా? యాత్రకని కంసాలి చేత సన్నటి తీగ మెట్టెలు చేయించాం.

షుగరున్నవాళ్ళు మాత్రం డాక్టరుకి పాదాలు చూపించాకే బూట్లు కొనండి. స్పర్శ తగ్గిన పాదానికి బూటు కరుస్తున్నా తెలియదు.

ఇప్పుడు ఆవిడ రోజూ తెల్లవారుజామున కొల్లేటికోట రోడ్డు మీద నడుస్తోంది. చీరమీద బూట్లు చూసి పిల్లలు నవ్వుతున్నారట. లేసు కూడా, పాదం వెడల్పున్న చోట ఒక జత రంధ్రాలు వదిలేసి కట్టుకోవడం, దిగేముందు చీలమండ దగ్గర బిగించుకోవడం నేర్చింది. మొన్న ఫోన్ చేసి ఎడమ మడమ కొంచెం ఒరుసుకుంటోందంది. అక్కడ ముందే ప్లాస్టరు అంటించుకుని నడవమన్నాను. ప్రయాణానికి ఇంకా మూడు వారాలుంది.